నూట పన్నెండు చూపిన పొద్దు

తెల్లారి చాయ కన్నా ముందు కొడుకు చేతికి బీపీ మిషన్ పట్టీ చుట్టడం కమలవ్వకు ఆరు నెలలుగా అలవాటు. పై నంబరు నూట డెబ్బై దాటితే రెండు గోలీలు, నూట నలభై ఉంటే ఒకటి, నూట ఇరవై లోపుంటే అసలు ఇవ్వదు. ఇట్లా ఇమ్మని ఏ డాక్టరూ చెప్పలేదు. ఆమె తమ్ముడు రాయమల్లు బీపీ పడిపోయి, మక్కచేను కాడ కూలబడినవాడు మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి తక్కువ నంబరంటేనే ఆమెకు గుండె జారిపోతుంది.

"నా చెయ్యి నీ మిషన్‌కు రాసిచ్చినవానే అవ్వా? పొద్దుగాల్నుంచి ఇది మూడోసారి" అని నవ్వేవాడు కొడుకు కొండల్.

"నవ్వు, నవ్వు. నీకేమన్న అయితే నేనేడ సావాలె?"

మస్కట్‌లో పనిమీద ఉండగానే పక్షవాతం వచ్చి, చొప్పదండిలో ఇల్లు చేరిన మనిషి అతను. నడక వచ్చింది, కుడిచెయ్యి వచ్చింది, బోరు మోటర్లు బాగుచేసే పని మళ్లీ మొదలుపెట్టాడు. కానీ నెల రోజులుగా ఏదో తేడా. చప్పుడు విని మోటర్ జబ్బు చెప్పేవాడు కాస్తా, స్టార్టర్ డబ్బా మూత తీసి, ఎందుకు తీశాడో మరచి అట్లాగే కూర్చుంటున్నాడు. అడిగినదానికి జవాబు ఎంతకీ రాదు. కాళ్లు ఈడుస్తున్నాడు.

"మళ్లొచ్చింది. నాకెర్కే, మళ్లొచ్చింది" అని కమలవ్వ శోకం తీసింది. కోడలు సృజన ఏడవలేదు, కరీంనగర్‌కు ఆటో మాట్లాడింది.

డాక్టర్ మధులిక పాత స్కానూ కొత్త స్కానూ పక్కపక్కన పెట్టి చూసింది. "కొత్తగా పక్షవాతం రాలేదమ్మా."

కమలవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"కానీ ఈ తెల్లమచ్చలు చూడండి. ఆరు నెలల కింద ఇన్ని లేవు. మెదడులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబురు పోయే దారులివి. ఇవి దెబ్బతింటే ఆలోచన, నడక నెమ్మదిస్తయి." ఇంట్లో రోజూ బీపీ రాసుకున్న నోటుబుక్కును డాక్టర్ తిప్పింది. నూట డెబ్బై ఎనిమిది. నూట పద్నాలుగు. నూట ఎనభై ఆరు. "ఇంత ఎక్కువ తక్కువ ఎందుకుంది? గోలి రోజూ ఇస్తున్నరా?"

ఇస్తున్న అని ఒక్క మాట అంటే చాలు. కమలవ్వ నోరు తెరిచింది. వెలుగుతున్న ఫిల్మ్‌లో తెల్లమచ్చలు ఆమెనే చూస్తున్నట్టున్నాయి.

"తక్కువున్ననాడు ఇయ్యలే మేడం. ఎక్కువున్ననాడు రెండిచ్చిన. పిలగాడు పడిపోతడని భయమైంది."

డాక్టర్ కోప్పడలేదు. "ఇదొక్కటే కారణమని చెప్పలేను. కానీ బీపీ ఇట్ల ఎగిరి పడుతుంటే సన్నటి రక్తనాళాలకు మంచిది కాదు."

"వోల్టేజీ..." అన్నాడు కొండల్, మాట వెతుక్కుంటూ. "వోల్టేజీ ఎక్కువ తక్కువైతే... మోటర్ వైండింగ్ కాలినట్టా మేడం?"

"కొంచెం అట్లనే."

"గా మచ్చలు పోతయా?" అని అడిగింది కమలవ్వ.

"ఉన్నవి పోవడం కష్టమమ్మా. పెరగకుండ చూసుకుందాం. రోజూ ఒకటే గోలి, ఒకటే టైముకు. కళ్లు తిరిగినా, నూరు కన్నా తగ్గినా నాకు ఫోన్ చేయండి. మీ అంతట మీరు ఆపొద్దు."

తిరుగుదారిలో ఆటోలో కొండల్ అన్నాడు: "అవ్వ డాక్టరైతే ఊరంత ఖాళీ అయితుండె." సృజన ముఖం అటు తిప్పుకుంది. కమలవ్వకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

మరునాడు పొద్దున మిషన్ నూట పన్నెండు చూపింది.

ఆమె వేళ్లు గోలిని పట్టుకుని అక్కడే ఆగిపోయాయి. మక్కచేను కాడ రాయమల్లు కళ్లముందుకు వచ్చాడు. డాక్టర్‌కు ఫోన్ చేద్దామా? నూరు కన్నా తగ్గితేనే కదా అన్నది. కొండల్ అరచెయ్యి చాచాడు. అందులో గోలి పెట్టి, నీళ్లు ఇచ్చి, అతని గొంతు కదిలేదాకా చూసింది. తర్వాత పక్కనే కూర్చుంది, పడితే పట్టుకోవడానికి.

పడలేదు. చాయ తాగాడు. గ్లాసు కింద పెట్టి తల్లి వైపు తిరిగాడు.

"అవ్వా, ఇయ్యాల గోలి ఇయ్యలేదేందే? భయమైతుందా?"

కమలవ్వ గోలీల అట్ట తీసి, అందులో ఖాళీ అయిన గుంటను అతని వేలితోనే తడిమించింది.

"ఇచ్చిన కొడుకా. ఇగో, ఇప్పుడే ఇచ్చిన."