పథ్యం ఎత్తేశారు

"పులుసుల చింతపండు ఎయ్యనంటే ఎయ్య. నువ్వు ఎంత మొత్తుకున్నా గంతే," అంది ఐలమ్మ. చింతపండు ముంతను ఒళ్లో పెట్టుకుని పైన కొంగు కప్పేసింది.

"డాక్టరమ్మనే చెప్పింది గదనే అవ్వా! ఇగ పథ్యం లేదు, ఏది అడిగితే గది పెట్టుమన్నది. శివమ్మ కొర్రమట్ట పులుసు అడిగింది. నడుమ నీకేం తక్లీబు?" వీరయ్య గొంతు పెంచాడు.

"దొరసాని తెలుగు నీకే సమజైందా?"

"అయింది. నీ కోడలికి ఉప్పు లేని జొన్నగట్క పెట్టి పెట్టి పెయ్యంత ఎండుకట్టె జేసినవ్. ఆమె బాగైతే నీకు ఓర్వలేదు."

ఐలమ్మ ముంతను ఇంకా గట్టిగా పట్టుకుంది. పొయ్యి దగ్గర చేప ముక్కలు కడుగుతున్న బాలమణి తలెత్తి, "నాయినా!" అంది. తల్లికి ఆపరేషన్ అని కౌడిపల్లిలోని అత్తగారింటి నుంచి వచ్చిన పిల్ల, ఇంకా తిరిగి పోలేదు.

వీళ్లది ఎల్దుర్తి. శివమ్మ కడుపులో గడ్డ లేచిందని మెదక్ తీసుకొచ్చి, దవాఖాన వెనకాల ఒక గది కిరాయికి తీసుకున్నారు. పొద్దున తెల్లదొరసాని డాక్టరమ్మ వీరయ్యను పక్కకు పిలిచి, వచ్చీరాని తెలుగులో చెప్పసాగింది. పథ్యం అక్కర్లేదు అనే మాట చెవిన పడగానే అతను ఆమె కాళ్లు మొక్కి గదికి ఉరికొచ్చాడు. ఆమె ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆగలేదు.

పథ్యం ఎత్తేస్తే జబ్బు పోయినట్టే అని అతని లెక్క. పథ్యం ఎత్తేయడానికి ఇంకో కారణం కూడా ఉంటుందని ఐలమ్మకు తెలుసు. ఆమె పెనిమిటికి కూడా ఊరి వైద్యుడు ఆఖరున ఇదే మాట చెప్పాడు, అడిగింది పెట్టుండ్రి అని. అందుకే ఆ ముంత మీద చెయ్యి తీయలేదు. పథ్యం నడిచినంతకాలం మందు నడుస్తున్నట్టే కదా అనుకుంది.

వీరయ్య ముంత లాక్కుని చింతపండు తానే పిసికి పోశాడు.

ముగ్గురూ దవాఖానకు పోయేసరికి, రోజూ వచ్చే మనిషి వరండాలో అప్పటికే కూర్చుని ఉన్నాడు. మఫ్టీలో ఉన్నా బూట్లు పోలీసువే. "ఏం వీరయ్యా, కొడుకు రాలేదా?" అన్నాడు నవ్వుతూ. రజాకార్లు పోయి మిల్ట్రీ వచ్చినా, కమ్యూనిస్టుల సంఘంలో కలిసి అడవి పట్టిన నర్సింగం మాత్రం ఇంటికి రాలేదు. ఒక్కడే కొడుకు. మొన్న రామాయంపేట దిక్కు ఒక పిలగాడు తండ్రి చావుకు వచ్చి, కాష్టం దగ్గరే పోలీసులకు దొరికిపోయాడు. ఆ తర్వాత వాని జాడ ఎవరికీ తెలియదు.

శివమ్మ పులుసు వాసనకే కళ్లు తెరిచింది. బాలమణి ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టింది. శివమ్మ దాన్ని చాలాసేపు నములుతూ అత్త మొఖం చూసింది.

"అత్తా, ఎందుకు ఏడుస్తున్నవ్?"

"పొగ, బిడ్డా."

"ఈడ పొగ ఏడిది?"

"నాలుగొద్దులైతే ఇంటికి పోదాం. పండుకొని పండుకొని నువ్వు పటేలమ్మ లెక్క అయినవ్, ఇంటికాడ నాట్లకు ఎవరు వంగుతరు?" వీరయ్య గబగబా అన్నాడు.

సూది మందుతో వచ్చిన నర్సు నిర్మలమ్మను శివమ్మ అడిగింది. "నర్సమ్మా, నా పథ్యం ఎందుకు ఎత్తేసిండ్రు?"

వీరయ్య చెయ్యి ఊపి చెప్పొద్దని సైగ చేశాడు. నిర్మలమ్మ అది చూసింది. పళ్లెం కింద పెట్టి మంచం అంచున కూర్చుంది.

"తెలుసుకోవాల్నని ఉందా అక్కా? ఇప్పుడేనా? వీళ్లందరి ముందటనా?"

"ముందటనే చెప్పు. నువ్వు పోయినంక వీళ్లు చెప్పరు."

నిర్మలమ్మ ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "గడ్డ కార్జం దాక పాకింది. కోసి చూసిండ్రు గని తీయనీకె రాలేదు. ఇగ తగ్గదు అక్కా. నొప్పికి సూది ఇస్తనే ఉంటం. నిన్ను ఒక్కదాన్ని ఇడిచిపెట్టం."

"అబద్ధం!" వీరయ్య అరిచాడు. "బండి గడ్త. ఇప్పుడే హైదరాబాద్ తీస్కపోత. అడ్డం ఎవడొస్తడో చూస్త!"

నిర్మలమ్మ శివమ్మ చెయ్యి వదలకుండానే అతని వైపు తిరిగింది. "తీస్కపోవద్దని నేననను అన్నా. కోపం వస్తది, ఎంతన్న మొత్తుకో. గని బండి కుదుపుకు అక్క ఓర్వలేదు. హైదరాబాద్ డాక్టర్లను గూడ అడిగిండ్రు. వాళ్లూ గిదే చెప్పిండ్రు."

వీరయ్య గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "పులుసు నేనే పోసిన గదనే," అన్నాడు తల్లితో. ఐలమ్మ అతని తలను పొట్టకు అదుముకుంది.

గొంతు తగ్గించి ఆమే అంది. "పిలగానికి కబురు పంపుదాం. సంఘపోళ్లకు సద్ది మోసే గాలయ్యకు వాని జాడ ఎరుకే. తల్లిని ఒక్కసారి కండ్ల జూసి పోతడు."

"పంపుదాం. ఈ రాత్రికే," అన్నాడు వీరయ్య.

శివమ్మ కళ్లు మూసుకుంది. తగ్గినంక మెల్లగా నడిచి ఆ అడవి దిక్కు పోవాలని, సద్దిమూటలో కొడుక్కి జొన్నరొట్టె కట్టుకుపోవాలని ఇన్నాళ్లూ అనుకుంటూనే ఉంది. మూసిన రెప్పల కింది నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. బాలమణి తుడవబోతే వద్దంది.

"నర్సమ్మా, నొప్పి ఎక్కువైతే సోయి తప్పుతదా?"

"తప్పొచ్చు అక్కా."

"అప్పుడు నేను వాని పేరు పెట్టి పిలుస్తనా?"

నిర్మలమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. "పిలుస్తవేమో. పిలిచినప్పుడు నేను నీ పక్కనే ఉంట."

వరండాలో బూట్ల చప్పుడు దగ్గరికి వచ్చి, మళ్లీ దూరమైంది. అది పూర్తిగా పోయేదాకా శివమ్మ ఆగింది. తర్వాత మొగుణ్ని, అత్తను, బిడ్డను దగ్గరికి రమ్మంది. ముగ్గురూ వంగారు. ఆమె గొంతు పక్క మంచానికి కూడా వినబడలేదు.

"నేను ఎంత పిలిచినా వానికి కబురు పంపొద్దు. నేను పోయినంక గూడ పంపొద్దు. వాని బదులు నిప్పుకుండ బాలమణి పడుతది."