బొక్క మంచిగనే ఉంది

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. కుడి భుజం ఫిల్మును. పై మూలన తెల్లటి అక్షరాల్లో నా యజమానురాలి పేరు, అండాలు అని ఉంటుంది. నాలాంటి వస్తువులు కథ చెప్పుకుంటే గొప్పలే ఎక్కువ వినిపిస్తాయి. నా దగ్గర అవేం లేవు. నాకున్నది సిగ్గు. దాన్నే చెప్పుకుంటాను.

మిర్యాలగూడలో ఒక చిన్న ఆసుపత్రి. "ఊపిరి బిగబట్టమ్మా" అని ఎవరో అన్నారు, అండాలు బిగబట్టింది, మిషను చిన్నగా చప్పుడు చేసింది. అంతే నా పుట్టుక. అండాలు బస్సు కండక్టరు. ఆ ఉదయం టికెట్లు కొట్టి వెనక్కి పోతూ కుడిచేత్తో పై రాడ్డు పట్టుకుంది. బర్రెలు అడ్డం వచ్చాయని డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. మనిషి ముందుకు పోయింది, చెయ్యి రాడ్డు దగ్గరే ఉండిపోయింది. భుజంలో 'టప్పు'మన్న చప్పుడు ఆవిడ ఒక్కతికే వినబడింది.

అక్కడి డాక్టరు నన్ను వెలుతురుకు పట్టి పావు నిమిషం చూశాడు. "ఎముక విరగలేదు, భయం లేదు" అని మాత్రలు రాశాడు. ఆ మాటకు నేనెంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నేను అబద్ధమాడలేదు. ఎముకలు నిజంగానే బాగున్నాయి. కాని ఎముకలు తప్ప నాకు మరొకటి సరిగా కనబడదని ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు.

అండాలు భర్త సైదులు మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్. నన్ను ట్యూబ్‌లైటు కింద తలకిందులుగా పట్టుకుని, అంతా అర్థమైనట్టు తల ఊపాడు. నన్ను చేతికిస్తే చాలు, మనుషులందరికీ సగం డాక్టరుగిరీ వచ్చేస్తుంది.

"బొక్క మంచిగనే ఉంది గదనే. ఇంకేం నొప్పి?" అన్నాడు.

"చెయ్యి లేస్తలేదయ్యా."

"డ్యూటీ అంటేనే లేస్తలేదు గావచ్చు."

నవ్వులాటకే అన్నాడు. కాని ఆ నవ్వులాట ఐదు నెలలు నడిచింది. ఆవిడ తలను భుజం మీదికి వంచి ఒంటిచేత్తో దువ్వుకునేది. తడిబట్టలు ఎడమచేత్తో తీగ మీదికి విసిరేది, సగం కింద పడేవి. ఎవరైనా "ఏమైంది" అని అడిగితే సైదులు నన్ను కవరులోంచి తీసి చూపించేవాడు. డిపోలో సెలవు పొడిగించమని అడిగినా ముందు నన్నే చూశారు. నన్ను చూసే, డ్యూటీలో చేరమన్నారు. ఆవిడ నొప్పికి ఆవిడ ఒక్కతే సాక్షి. ఎదుటి పక్షం సాక్షిని నేను. నేను గెలిచినప్పుడల్లా ఆవిడ తల దించుకునేది. నాకు చూడబుద్ధి కాకపోయినా కళ్ళు మూసుకునే వీలు లేదు.

చివరికి తోటి కండక్టరొకామె చెబితే నల్గొండలో భుజాల ఆపరేషన్లు చేసే డాక్టర్ వసుంధర దగ్గరికి వెళ్ళారు. నాటకం అక్కడైనా తేలిపోతుందని సైదులు వెంట వచ్చాడు.

డాక్టరమ్మ నన్ను అడగనే లేదు. అండాలును చెయ్యి ఎత్తమంది. ఎదదాకా కూడా రాలేదు. అప్పుడు తానే మోచేయి కింద చెయ్యి వేసి మెల్లగా లేపింది. చెయ్యి నేరుగా పైకప్పు వైపు లేచింది.

"సూసిన్రా మేడం! లేస్తుంది గద!" అన్నాడు సైదులు.

"లేపింది నేను. ఇప్పుడు వదులుతున్నా. అమ్మా, మెల్లగా దించు."

దించడం ఆవిడ వల్ల కాలేదు. చెయ్యి దబ్బున ఒళ్ళో పడింది. అండాలు పళ్ళు బిగించింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కీలు బిగుసుకుంటే నేను లేపినా లేవదు. ఇక్కడ కీలు బాగానే ఉంది. చేతిని లేపే కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీ తెగినట్టుంది" అంది డాక్టరమ్మ.

సైదులు నన్ను ముందుకు తోశాడు. గొంతు తగ్గిపోయింది. "ఇందుల ఏం లేదన్నరు మేడం."

"ఇందులో ఆ పట్టీ కనబడదయ్యా. దానికి ఎం.ఆర్‌.ఐ. తీయాలి."

సైదులు నన్ను వెనక్కి తీసుకున్నాడు. "అంటే మోటరు బాడీ మంచిగుండి, లోపల వైండింగ్ పోయినట్టా? బాడీ చూసి మోటరు మంచిగుందని ఏ గిరాకీకి నేను ఎన్నడు చెప్పలే మేడం" అన్నాడు. ఆ తర్వాత భార్య వైపు చూడలేకపోయాడు.

ఎం.ఆర్‌.ఐ.లో తెగిన చోటు స్పష్టంగా కనబడింది. ఆపరేషన్ రోజు నన్నూ థియేటర్లో దీపం పెట్టె మీద తగిలించారు. ఎదురుగా టీవీ. భుజానికి చిన్న చిన్న రంధ్రాలు చేసి, పెన్నంత సన్నటి కెమెరా లోపలికి పంపారు. నాకు ఏనాడూ కనబడనిది అప్పుడు చూశాను. తెల్లటి పట్టీ, కొస పీచుపీచుగా విడిపోయి, ఎముకను వదిలి వెనక్కి జరిగిపోయింది.

"ఐదు నెలలు! అప్పుడే వచ్చి ఉంటే ఇంత లాగాల్సిన పని ఉండేది కాదు" అంది డాక్టరమ్మ. ఎముకలో చిన్న మరలు బిగించి, వాటికున్న దారాలతో పట్టీని కుట్టి, ఎముక మీదికి లాగి ముడులు వేసింది. ఆ ఐదు నెలలు నావే. దీపం పెట్టె మీద వెలుగుతూ నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఆరు వారాలు చెయ్యి బెల్టులో ఉంది. తర్వాత గోడ మీద వేళ్ళతో పైకి పాకే కసరత్తు. వేళ్ళు ఎక్కడిదాకా వెళితే అక్కడ సైదులు పెన్సిలుతో గీత పెట్టేవాడు. గీతలు నెలల తరబడి పైకి జరిగాయి, కాని పై రాడ్డు పట్టుకునే పని ఇక వద్దని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. బస్సంటే ప్రాణం పెట్టే అండాలు ఇప్పుడు బస్టాండులో పాసులు రాసే కిటికీ వెనక కూర్చుంటుంది.

మొన్న బీరువా సర్దుతూ సైదులు నన్ను చెత్తలో పడేయబోయాడు. అండాలు నన్ను లాక్కుని, కుడిచేత్తోనే తలకంటే పైకెత్తి కిటికీ వెలుతురుకు పట్టింది. చెయ్యి కొంచెం వణికింది, కాని దిగలేదు. ఆవిడ చూపు నా మీద లేదు, నన్ను పట్టుకున్న తన చేతి మీద ఉంది.

"దీన్ని ఇంకెందుకే?" అన్నాడు సైదులు చిన్నగా.

"ఉండనీ. మల్లెప్పుడన్న నాకు నొప్పిలేస్తే, ఇది తీసి సూడు. నన్ను అడగాల్నని యాదికొస్తది."

సైదులు నన్ను రెండు చేతులతో తీసుకుని, కవరులో పెట్టి, బీరువా పైన ఉంచాడు. ఇప్పుడు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోం.