ఎర్రనీళ్ళ కుండ

రామచంద్రపురం దగ్గర ఒక ఊళ్ళో వాంతిభేది దిగిన ఏడు, తెల్లదొరలు బావిలో వేయమని మందు పంపించారు. చిటికెడు పడేసరికి నీళ్ళన్నీ ఎర్రబడ్డాయి. కాలువ నీళ్ళు మాని ఆ నీళ్ళే తాగాలని మునసబు పల్లంరాజుగారు ఊరి బయట పేటలో ఉండే చిట్టియ్య చేత టముకు వేయించారు.

శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారు. టముకు వేసేవాడి మాట ఎవరికి పడుతుంది? పైగా పసుపూ సున్నమూ కలిపి దిష్టి తీసిన నీళ్ళెలా ఉంటాయో, బావి అచ్చం అలాగే ఉంది. వీధి కూడలిలో పారబోసిన దిష్టినీళ్ళు తొక్కడానికే జడిసే జనం, వాటిని తోడుకుని తాగుతారా? ఎవరి దిష్టో తెచ్చి మన బావిలో కలిపారన్నారు. ఆడవాళ్ళు బిందెలతో కాలువ దారి పట్టారు. ఎగువ ఊళ్ళలో రోగుల బట్టలు ఉతికేది ఆ కాలువలోనే.

మర్నాడు టముకు వేస్తుంటే పెద్దింట్లమ్మ అనే ముసలావిడ అడ్డంగా నిలబడింది.

"ముందు నీ కూతురి చేత తాగించరా. దానికేమీ కాకపోతే మేమూ తాగుతాం."

మునసబుకు ఆ మాట నచ్చింది. ఊరబావి తాకే హక్కు చిట్టియ్య పేటకు లేదు గనక, పాలేరు చేత తోడించి అతని కుండలో ఎత్తిపోయించారు.

చిట్టియ్యకు ఒక్కతే కూతురు, దేవకుమారి. కుండ నెత్తిన పెట్టుకుని కాలువగట్టున ఇంటిదారి పట్టాడు. దిష్టీ గిష్టీ లేవని ఆదివారం గుడిలో పాస్టరుగారు చెబుతూనే ఉంటారు, అతనూ తల ఊపుతూనే ఉంటాడు. తల ఊపడం వేరు, కన్నబిడ్డ నోట్లో పోయడం వేరు. ఊరంతటికీ గొంతు చించుకుని చెప్పిన మాట, పిరికివాడు, తానే నమ్మలేకపోయాడు. కుండను తుమ్మపొదలో ఒంపేసి, కాలువలో ముంచుకుని ఇంటికి పోయాడు.

కాలువకు కొత్తనీరు తగిలి ఎర్రమట్టితో పారుతున్న రోజులవి. గుడిసె చీకట్లో పెళ్ళాం వీరమ్మకు తేడా తెలియలేదు. మందునీళ్ళేనా అని అడిగితే అవునన్నాడు. ఆమె వాటినే పిల్లకు తాగించింది.

మర్నాటికల్లా పిల్లకు రోగం పట్టుకుంది. వీరమ్మ ఆ కుండలోంచే గుక్కగుక్కగా పోసింది.

"తాగు తల్లీ. మీ అయ్య తెచ్చిన మందు."

చిట్టియ్య గడపలో కూర్చుని విన్నాడు. నిజం చెప్పేద్దామని లేచాడు, మళ్ళీ గడపలోనే కూలబడ్డాడు. చెబితే వీరమ్మ మొహం ఎలా చూడాలి? పొద్దు వాలకముందే పిల్ల పోయింది.

పూడ్చివచ్చాక పెద్దింట్లమ్మ పేట మొదట్లో దూరంగా నిలబడి, ఆ నీళ్ళు నిజంగా తాగించారా అని అడిగింది. వెనక ఊరి ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు.

"తాగించామండి. ఆఖరి గుక్క దాకా నా చేత్తోనే పోశానండి," అంది వీరమ్మ.

చిట్టియ్య ఎంత అరిచినా వినని ఊరు, ఆ తల్లి మాట ఒక్కసారికే నమ్మింది. ఆడవాళ్ళు కాలువ వైపు నడిచారు. చిట్టియ్య వాళ్ళు పోతుంటే చూస్తూ నిలబడ్డాడు.