గురువారం తెరవని ల్యాబు

ప్రతి గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు ఎలీసబెతు కెమిస్ట్రీ ల్యాబుకు తాళం వేసి, గుమ్మం ముందు స్టూలు మీద కూర్చుంటుంది. సరిగ్గా ఆ గంటకే, ఆఫీసు గోడకు అంటించిన టైంటేబుల్ ప్రకారం, ఆ ల్యాబులో బి.ఏ., బి.కాం. పిల్లలకు సైన్సు ప్రాక్టికల్స్ జరుగుతుంటాయి. హాజరు పట్టీలో అందరూ వచ్చినట్టు ఉంటుంది. లోపల మాత్రం బల్లులు తప్ప ఎవరూ ఉండరు.

జమ్మికుంటకు ఆరేడు మైళ్ల దూరంలోని ఆ డిగ్రీ కాలేజీలో ఏడేళ్ల కింద ఈ కోర్సు పెట్టారు. చరిత్ర చదివినా, లెక్కల పద్దులు చదివినా ప్రతి పిల్లకూ ప్రకృతి శాస్త్రం కొంత తెలియాలని, అది తెలుగులోనూ ఇంగ్లీషులోనూ తెలియాలని దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే, వంక పెట్టడానికి లేదు. కాలేజీ కరపత్రం మీద తెల్లకోట్లు వేసుకుని గాజుగొట్టాలు పట్టుకున్న పిల్లల బొమ్మ కూడా వేశారు. ఆ పిల్లలు ఏ ఊరివాళ్లో ఎలీసబెతుకు ఇప్పటికీ తెలియదు.

ఎలీసబెతు ఆ ల్యాబులో అటెండరు. ప్రైవేటు ఏజెన్సీ కింద కాంట్రాక్టు పని, ఇరవై ఏళ్ల సర్వీసు, ఏడో తరగతి చదువు. బి.ఎస్సీ. పిల్లలకు మందులు కలిపి పెట్టేది, గాజుసామాను కడిగేది, బ్యూరెట్ అనే కొలత గీతల గాజుగొట్టం ఎలా పట్టుకోవాలో చెయ్యి పట్టి చూపించేది ఆమే. కొత్తగా వచ్చిన లెక్చరర్లు ఒకరిద్దరు ఆమె దగ్గరే నేర్చుకుని, ఆ సంగతి తొందరగానే మరచిపోయారు.

మరి బి.ఏ. పిల్లలకు తాళం ఎందుకు? మొదటి ఏడాది ఆమె ఓంప్రకాశ్ సారును అడిగింది. ఆ కోర్సు చెప్పే లెక్చరర్ ఆయనే. "ఆళ్లకు ఇస్తె అన్ని పలగ్గొడ్తరు ఎలీసబెతూ. పాస్ మార్కులు ఏస్తున్నం గద, ఇంకేం గావాలె" అన్నాడు. గురువారం మధ్యాహ్నం ఆయనకు హన్మకొండలో కోచింగు క్లాసు ఉందన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. తిలా పాపం తలా పిడికెడు.

మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్ల ఉంటే ఒకసారి ఆ పిల్ల రికార్డు పుస్తకం తీసి చూడండి. ఈ కాలేజీ రికార్డుకు ఒక ప్రత్యేకత ఉంది. ప్రతి ప్రయోగానికీ ఎడమ పేజీలో తెలుగులో, కుడి పేజీలో ఇంగ్లీషులో రాయాలని నియమం. గేటు ముందర జిరాక్సు షాపులో పాత రికార్డు ఒకటి దొరుకుతుంది. ఏడేళ్ల కింద ఎవరో సీనియర్ రాసిన దాని ఇంగ్లీషు పేజీలను పిల్లలు ముగ్గు దిద్దినట్టు అక్షరం అక్షరం దిద్దుకుంటారు. ఏం రాస్తున్నారో చాలామందికి తెలియదు. కిందటేడు ఇద్దరు ఆ సీనియర్ హాల్‌టికెట్ నంబరు కూడా దించేశారు. సారు కుడి పేజీ కింద సంతకం చేస్తాడు. ఎడమ పేజీలు తెల్లగానే ఉండిపోతాయి, చూసే నాథుడు లేడు కనుక.

ఇట్లాంటి చోట మమతారాణి ఒక ప్రశ్న అడిగింది.

ఆమె పవర్‌లూమ్ మీద పనిచేసే అంబదాస్ బిడ్డ. వాళ్ల ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. బి.ఏ. చివరి ఏడాది. ఇది గట్టెక్కితే బి.ఇడి. చేసి టీచరు కావాలని ఆశ. ఒకనాడు క్లాసులో లేచి, "సార్, మా గల్లి బోరు నీళ్లల్ల పప్పు ఎంతసేపైనా ఉడుకది. సబ్బు నురుగ రాది. ఎందుకట్ల?" అని అడిగింది.

"ఇది బైలింగ్వల్ క్లాసు. ఇంగ్లీషుల అడుగు, చెప్త" అన్నాడు ఓంప్రకాశ్ సారు.

పిల్ల రెండు మాటలు కూడగట్టుకుంది, మూడో మాట దొరకలేదు. క్లాసంతా నవ్వింది. "వంటింటి ముచ్చట్లు వంటింట్ల అడుగు" అని సారు ముక్తాయించాడు. పాఠ్యపుస్తకం మూడో అధ్యాయం పేరు నీటి కఠినత్వం. ఆ పిల్ల అడిగింది అచ్చంగా ఆ పాఠమే. బీరువాలో కట్టలు విప్పకుండా పడి ఉన్న తెలుగు పుస్తకాల్లో దానికి జవాబు కూడా ఉంది. రెండు భాషల్లో చెబుతామని చేర్చుకుని, ఒక భాషలో నోరు మూయించి, రెండో భాషలో నోరు విప్పనియ్యని ఘనకార్యం అది.

ఆ వచ్చే గురువారం మమతారాణి ఒక సీసా నిండా నీళ్లు పట్టుకుని స్టూలు ముందుకు వచ్చి నిలబడింది.

"ఆయమ్మా, గీ నీళ్లు మా బోరుయి. జర పరీక్ష చేసి చూపెడ్తవా? రికార్డుల రాసిన గని నాకేం సమజ్ కాలే."

ఎలీసబెతు ఎదురుగా ఆఫీసు గోడ మీది టైంటేబుల్ వంక చూసింది. గురువారం, రెండు నుంచి నాలుగు, బి.ఏ. ప్రాక్టికల్స్. "రా బిడ్డా, గిది నీ టైమే" అని తాళం తీసింది.

తాను చేయలేదు, పిల్ల చేతే చేయించింది. బ్యూరెట్ కడిగించింది, మందు పోయించింది, గాలిబుడగ పోయేదాకా వదిలించింది. ఫ్లాస్కులో బోరు నీళ్లు కొలిచి పోసి రంగుమందు వేస్తే నీళ్లు ఎర్రద్రాక్ష రంగుకు తిరిగాయి. "ఇగ సుక్క సుక్క ఇడువు. నీలం రంగు వచ్చినంక ఆపు. నీళ్లల్ల సున్నం ఎంత ఎక్కువుంటె గంత మందు తాగుతది" అని చెప్పింది. రికార్డులో దించిన అంకె పద్నాలుగు పాయింట్ రెండు మిల్లీలీటర్లు. పద్నాలుగు దాటింది. ఇరవై దాటింది. ముప్పై ఒకటి పాయింట్ ఆరు దగ్గర నీలం వచ్చింది. నమ్మకం కుదరక పిల్ల మరో రెండుసార్లు చేసింది. అంతే వచ్చింది.

"అంటే గా సున్నంతోనే పప్పు ఉడుకుతలేదా, ఆయమ్మా?"

"గంతే బిడ్డా. గింత ముచ్చట చెప్పనీకె సారుకు ఇంగ్లీషు గావాల్నట."

మమతారాణి ఆ ప్రయోగాన్ని ఎడమ పేజీలో తెలుగులో రాసుకుంది. ఎక్కడి నీళ్లో, ఏం చేసిందో, ఏ రంగు నుంచి ఏ రంగు వచ్చిందో, మూడు అంకెలూ రాసింది. కుడి పేజీలో అందరిలాగే దించిన అంకె అట్లాగే ఉండిపోయింది. దాన్ని కొట్టేయాలని ఆమెకు తోచలేదు. అది సారు సంతకం పెట్టిన పేజీ కదా.

ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి ఎగ్జామినర్ వస్తాడు. వచ్చి, టీ తాగి, మార్కుల పట్టీ మీద సంతకం చేసి, హోటల్లో భోంచేసి బస్సెక్కడం ఆనవాయితీ. ఈసారి కరీంనగర్ నుంచి సదానందం సారు వచ్చాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. టీ తాగుతూ పొద్దుపోక రికార్డులు తిరగేశాడు. ఎడమ పేజీలు తెల్లగా, కుడి పేజీల్లో ఒకటే అంకె. పది చూశాడు, ఇరవై చూశాడు. మమతారాణి రికార్డు దగ్గర ఆగి, పిల్లను పిలిచాడు.

"ఒకే ప్రయోగానికి రెండు అంకెలేంది? ఏది నిజం?"

"తెలుగుల రాసిందే నిజం సార్. అది నేను చేసింది."

ఓంప్రకాశ్ సారు ముఖం మాడిపోయింది. "అబద్ధం సార్. ఈమె ఏ ప్రయోగం చేయలేదు. సొంతంగ ఏదో అంకె ఏసుకుంది. ఇసొంటోళ్లకు జీరో ఏయాలె, లేకుంటె అందరు గిట్లనే తయారైతరు" అన్నాడు.

సున్నా వేస్తే పిల్ల తప్పుతుంది. ఈ ఏడాది పోతుంది, బి.ఇడి. సీటు పోతుంది. మమతారాణి తల దించుకుంది. ల్యాబు తెరిచిందెవరో చెబితే ఆయమ్మకు ముప్పు వస్తుందని నోరు నొక్కుకుందని ఎలీసబెతుకు తెలిసిపోయింది.

గాజుసామాను బల్ల దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి. ఇంట్లో పెనిమిటి సమ్మయ్య నడుము పడిపోయి మూడేళ్లయింది. పత్తి మార్కెట్లో బేళ్లు మోసిన మనిషి ఇప్పుడు మంచం దిగాలంటే ఆమె చెయ్యి పట్టాలి. ఏజెన్సీవాడికి ఒక్క ఫోను చాలు, రేపటి నుంచి రావద్దంటాడు. ఊరుకుంటే ఏమీ కాదు, ఏడేళ్లుగా ఊరుకున్నట్టే. ఆ ఏడేళ్ల మాట తలలో మెదిలేసరికి ఆమెకు ఒళ్లు మండింది. సారు మీద మండింది, అంతకన్నా ఎక్కువగా తన మీద మండింది. గురువారం గురువారం ఈ చేత్తో వేసిన తాళమే కదా అది.

"ఆ పిల్ల చేసింది సార్. నేనే చేయించిన" అంది ముందుకు వచ్చి.

"నువ్వెట్ల చేయిస్తవ్?" ఓంప్రకాశ్ సారు గొంతు పెంచాడు. "బి.ఏ. వాళ్లకు ల్యాబు తెరవనే తెరువం గద."

మాట జారింది. సదానందం సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"తెరవకుంటె మిగిలిన అరవై రెండు మందికి పద్నాలుగు పాయింట్ రెండు ఎక్కడికెళ్లి వచ్చింది ఓంప్రకాశ్?"

ఆయన దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. ఎలీసబెతు నోరు మాత్రం ఇక ఆగలేదు.

"ఏడేండ్ల నుంచి చూస్తున్న సార్. ఈ పిల్లలు లోపటికి రాకుంటనే పాసై పోతుండ్రు. రేపు ఆళ్లు టీచర్లైతరు, ఆఫీసర్లైతరు. ఊరి నీళ్లు మంచియా కావా అంటె ఏం చెప్తరు? గా జిరాక్సు అంకెనే చెప్తరు. అడిగిన పిల్లనేమో ఇంగ్లీషు రాదని నవ్వి కూసోబెడ్తిరి. నీళ్లకు ఇంగ్లీషు వస్తదా సార్? ఏ బాసల అడిగినా ఉన్నదే చెప్తయి."

సదానందం సారు బల్ల మీది రికార్డుల కట్ట వంక చూశాడు. ఆయన కూడా ఇన్నేళ్లలో ఎన్ని కాలేజీల్లో టీ తాగి సంతకం చేసి వెళ్లాడో ఆయనకే తెలియాలి. చివరికి మార్కుల పట్టీ పక్కకు నెట్టాడు.

"మమతారాణికి పూరా మార్కులు. మిగిలినోళ్లకు ఇయ్యాల ఎవరికీ ఏయ. ఇంటి నీళ్లు తెచ్చుకోండ్రి, రేపు ఒక్కొక్కరు చేసి చూపెట్టుండ్రి. తెలుగుల చెప్పినా సరే, ఇంగ్లీషుల చెప్పినా సరే."

మరునాడు అరవై రెండు సీసాలు వచ్చాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలీసబెతు బల్ల బల్లకూ తిరిగింది. రెండు గాజుగొట్టాలు పగిలాయి. పద్నాలుగు పాయింట్ రెండు ఒక్కరికీ రాలేదు.

మూడో రోజు ఆమెకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఓంప్రకాశ్ సారుకు ఏ కాగితమూ రాలేదు. ఆమెకు వచ్చినదంతా ఇంగ్లీషులోనే ఉంది. ద్విభాషా కాలేజీ కదా. మమతారాణి చదివి చెప్పింది. పర్మిషన్ లేకుండా ల్యాబు ఎందుకు తెరిచావో రాతపూర్వకంగా జవాబివ్వాలి, లేకపోతే పనిలోంచి తీసేస్తారు.

"నా తప్పే ఆయమ్మా. నేను రాకుంటె గిట్ల కాకపోతుండె" అంది పిల్ల, కళ్లనీళ్లు పెట్టుకుని.

"ఏడువకు. కలం తియ్. నేను చెప్తుంట, నువ్వు రాయి. తెలుగులనే రాయి, చదువుకుంటరు" అంది ఎలీసబెతు. ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పింది, మమతారాణి ఒక్క అక్షరం మార్చకుండా రాసింది:

"అయ్యా, టైంటేబుల్ల ఉన్న దినం, ఉన్న గంటకే నేను ల్యాబు తెరిచిన. పిల్లల చేతులకు పని చెప్పకుంట, పిల్లల బాసల జవాబు చెప్పకుంట మార్కులేస్తే దాన్ని సదువు అనరు, మోసం అంటరు. ఒక్క గురువారం తెరిచినందుకు నన్ను అడుగుతున్నరు. ఏడేండ్ల గురువారాలు మూసి పెట్టినందుకు మీరు ఎవర్ని అడిగిండ్రు?"