గోళ్ళరంగు గుర్తు

బానెట్ ఎత్తి, దాన్ని నిలబెట్టే కడ్డీని ఒకసారి ఊపి చూసి, ఆ కడ్డీ మీద నమ్మకం చాలక పక్కన ఒక దుడ్డుకర్ర కూడా నిలిపాక గానీ గోవర్ధన్ ఇంజన్‌లోకి తల పెట్టలేదు. పొద్దున్నే పళ్ళు తోముకోవడానికి ముందు చేసే పనే ఇది. బోల్టుల మీది గీతలు చూస్తాడు. ప్రతి బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి సన్నగా ఒక ఎర్రగీత ఉంటుంది, భార్య సరిత గోళ్ళరంగుతో అతను గీసినది. ఎవరైనా పానా పెట్టి తిప్పితే గీత రెండు ముక్కలవుతుంది. వీధిలో పెట్టిన బండి బోల్టులు విప్పేంత తీరిక ఎవరికుంటుందని సరిత అడుగుతుంది. దొంగకు తీరికే పెట్టుబడి అంటాడు గోవర్ధన్. శంషాబాద్ మొత్తంలో ఆడవాళ్ళ గోళ్ళు బోడిగా, కారు బోల్టులు సింగారించుకుని ఉండే ఇల్లు అదొక్కటే.

ఏభై దాటిన మనిషి. ఒళ్ళు సన్నం, చేతులు మాత్రం వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి. కళ్ళు ఎప్పుడూ కాస్త చిట్లించే ఉంటాయి. పెళ్ళిఫొటోలో కూడా అలాగే ఉన్నాయి. ఫొటో తీసేవాడు రీలు వేశాడో లేదోనని అప్పుడే అనుమానం. విమానాశ్రయం దగ్గర కారు కిరాయికి తిప్పుతాడు. ఆ కారు ఒకప్పుడు తెల్లగా ఉండేది. మీటరు మీద అంకె ఐదు లక్షల కిలోమీటర్లు దాటి చాలాకాలమైంది. ఎక్కినవాళ్ళు ఆ అంకె చూసి, ఎవరూ చెప్పకుండానే సీటుబెల్టు పెట్టుకుంటారు.

అంత తిరిగిన బండికి అన్ని పనులూ ఒకేరోజు పెట్టకూడదన్నది గోవర్ధన్ సిద్ధాంతం. అన్నీ కలిపి విప్పితే, రేపు చప్పుడు వచ్చినప్పుడు దేన్ని అనుమానించాలో తెలియదు. అందుకే పెళ్ళిపనుల్లాగా వరుస పెట్టుకున్నాడు. బ్రేకులు అయిపోయాయి. ఇప్పుడు డైనమో. దాని తరువాత నీళ్ళ గొట్టాలు. ఫిట్‌నెస్ పరీక్ష వచ్చేనాటికి బండి పెళ్ళికూతురిలా తలవంచుకుని నిలబడాలి. డైనమో లోపల బేరింగు పోయినట్టుంది. స్టార్టు చేయగానే పిండిమర తిరిగినట్టు గరగరమంటోంది.

ఈ డైనమో బండితోపాటు పుట్టింది కాదని గోవర్ధన్‌కు గట్టి నమ్మకం. అతనికి గట్టి నమ్మకం ఉన్న విషయం అదొక్కటే.

తొండుపల్లి రోడ్డు మీద మెకానిక్ షెడ్డు పెట్టుకున్న మల్లేశ్వర్, గోవర్ధన్ ఒకే బెంచి మీద చదివి, ఒకే ఏడు చదువు మానేశారు. ఇద్దరి పొలాలకూ ఒకటే గట్టు. పొలాలు విమానాశ్రయం కిందికి పోయాక ఒకడు కారు కొన్నాడు, ఒకడు పానాలు కొన్నాడు. ఏ నట్టు ఎంత బిగించాలో గోవర్ధన్ చేతిని తన చేత్తో పట్టుకుని నేర్పినవాడు మల్లేశ్వరే. ఒకసారి సరిత చెల్లెలి పెళ్ళికి బాలాపూర్ పోతూ, గోవర్ధన్ బండిని షెడ్డులో వదిలాడు. తిరిగొచ్చి చూస్తే ఇంజన్ అద్దంలా ఉంది. డైనమో మీద తాను గీసిపోయిన గీత లేదు, అప్పట్లో గుర్తు పెట్టింది దానికొక్కదానికే. గీత లేదంటే డైనమో తనది కాదు. మంచిది తీసుకుని ఏదో పాతది తోమి పెట్టాడు.

ఆరోజు అతను ఒక్క మాట అడగలేదు. అడిగితే కాదంటాడు. కాదన్నది నమ్మాలా వద్దా అని మళ్ళీ అదొక అనుమానం. “కిరాయి ఉన్నది, పోవాలె” అని బండి తీసుకొచ్చేశాడు. మళ్ళీ ఆ షెడ్డు వైపు చక్రం తిప్పలేదు. అన్ని పనులూ సొంతంగా చేసుకోవడం అప్పుడు మొదలైంది. మల్లేశ్వర్ కూడా ఎందుకు రావడం లేదని అడగలేదు. అడగకపోవడమే తప్పు చేసినదానికి రుజువని గోవర్ధన్ లెక్క వేసుకున్నాడు.

“నిర్మలక్క ఫోన్ చేసింది,” అంది సరిత, టీ గ్లాసు బంపరు మీద పెడుతూ. నిర్మల మల్లేశ్వర్ భార్య. మగవాళ్ళు మానుకున్న మాటలు ఆడవాళ్ళు మానుకోలేదు. “మల్లేశన్నను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిండ్రంట. ఇగ ఇంట్లనే ఉంచుకోండ్రి అన్నరంట డాక్టర్లు.”

గోవర్ధన్ తల బయటికి తీయలేదు.

“నిన్ను జూడాలంటున్నడంట.”

“నన్నెందుకు?”

“పానం పొయ్యేటోడు జూడాలంటే ఎందుకని అడుగుతరా?”

“ఇన్నేండ్లు లేంది గిప్పుడెందుకు యాదికొచ్చిన? ఏదో ఉంటది. షెడ్డు సామాను నాకు అంటగడుతడేమో.”

“అంటగడితే కొనకు. మొఖం జూసి రా. మొఖం జూసినందుకు ఎవ్వరు బిల్లు వెయ్యరు.”

“బండి గరగరమంటున్నది. నడుమల ఆగితే? ఆరాంఘర్ పోయి బేరింగు తెచ్చి, ఎక్కించి పోత.”

“బండి ఇంకో పూట ఆగుతది. ఆయన ఆగుతడా?”

జవాబు లేని ప్రశ్నలు వచ్చినప్పుడు ఏదో ఒక నట్టు బిగించడం గోవర్ధన్ అలవాటు. బిగించాడు. పక్కనే ఉన్న తొండుపల్లికి పోతే నడుమ ఆగుతుందనుకున్న బండి, ఆరాంఘర్ దాకా పోయి వస్తుందని ఎలా అనుకున్నాడో సరితకు అర్థం కాలేదు. అర్థమయ్యే ఉంటుంది. గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

ఆరాంఘర్‌లో సామాన్ల దుకాణం ఉదయభాస్కర్‌ది. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డాడు. గోవర్ధన్ గుమ్మం ఎక్కుతుంటే ఆయన అద్దాలు తీసి తుడుచుకుంటాడు, చాలాసేపు పడుతుందని తెలుసు కనుక. గోవర్ధన్ డబ్బా మీది చీటీని గోటితో గీరాడు. బేరింగు తీసి వాసన చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు.

“ఇంకోటి జూపియ్యి.”

“ఇది నాలుగోదండీ. అన్నీ ఒక్క ఫ్యాక్టరీలో పుట్టినవే, అన్నదమ్ములు.”

“అన్నదమ్ములనే ఎక్కువ జూడాలె.”

ఉదయభాస్కర్ నవ్వాడు. “చూడండి, తప్పులేదు. తొండుపల్లి మల్లేశ్వర్ గారు నాకు ముందే చెప్పారు లెండి. మీరొస్తే సీలు విప్పని డబ్బాయే ఇవ్వమని. లేకపోతే మావాడికి రాత్రి నిద్రపట్టదు అనేవారు.”

గోవర్ధన్ చేతిలో బేరింగు ఆగింది. “ఎప్పుడు చెప్పిండు?”

“చాలా ఏళ్ళయిందండీ. మీరు సొంతంగా పని మొదలుపెట్టిన కొత్తలో. ఒంట్లో బాగుండటం లేదని విన్నాను, ఎలా ఉన్నారు?”

“ఉన్నడు,” అన్నాడు గోవర్ధన్.

దీంట్లో మల్లేశ్వర్‌కు ఏం లాభం? కమీషన్ అందామంటే, సీలు విప్పని డబ్బా మీద కమీషన్ ఏముంటుంది? ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా ఆ మాటను, బేరింగును తిప్పినట్టే తిప్పి తిప్పి విన్నాడు. ఎక్కడా గరగర లేదు. అది మరీ అనుమానంగా ఉంది.

ఇంటికొచ్చి చక్రాల కింద రాళ్ళు పెట్టి, జాకీ ఎత్తి, జాకీ మీద నమ్మకం లేక దాని పక్కన రెండు సిమెంటు ఇటుకలు పేర్చి, గోనెసంచి పరుచుకుని కిందికి దూరాడు. ఎండకు రోడ్డు కాలుతోంది. బెల్టు తీశాడు. విప్పిన బోల్టులను విప్పిన వరుసలోనే సంచి మీద పెట్టాడు. ఇన్నేళ్ళలో డైనమోను కిందికి దించడం ఇదే మొదటిసారి. అంత ఓపిగ్గా పనిచేసింది. దొంగ అంటగట్టిన పాతది ఇంత మన్నికగా ఉండటమేమిటని కూడా అతనికి అప్పుడప్పుడు అనిపించేది.

బయటికొచ్చి కూర్చుని, కాళ్ళు చాపి, పసిపిల్లకు నీళ్ళుపోసేటప్పుడు పడుకోబెట్టుకున్నట్టు డైనమోను కాళ్ళ మీద వేసుకున్నాడు. గుడ్డతో మురికి తుడుస్తూ వెనక్కి తిప్పాడు. బోల్టు బిగించే చెవి కింద, బండిలో ఉండగా కన్నూ వేలూ పోని మడతలో, ఎండిపోయిన రంగు చుక్క ఒకటి కనిపించింది. పైనుంచి కారి, అక్కడికొచ్చి ఆగిన చుక్క. ఎరుపు కాదు. వంకాయరంగు.

“సరితా, జర ఇటు రా.”

సరిత చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

“గిది ఏం రంగు?”

ఆమె వంగి చూసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “గిది మా చెల్లె పెండ్లికి కొనుక్కున్న సీసా. నేను ఒక్క గోరుకన్నా పెట్టకముందే మూత తీసి నీ బండికి పూసినవు. మల్లేశన్నకు బండి అప్పజెప్పే తొందరల సగం సీసా ఒలకవోసినవు. ఆ పెండ్లిల అందరి చేతులు మెరుస్తుంటే నావి బోడిగ ఉన్నయి. నువ్వు మర్చినవేమో, నేను మర్వలేదు.”

“మల్ల కొన్నవా ఆ రంగు?”

“మల్ల కొంటే నాకు బుద్ధి లేనట్టు. అప్పటిసంది ఎర్రదే కొంటున్న, నాకు కాకున్నా బండికి అచ్చొస్తదని.”

గోవర్ధన్ బొటనవేలితో ఆ చుక్కను రుద్దాడు. పోలేదు. పెళ్ళికి ముందురోజు తాను గీసిన గీత నుంచే ఇది కారింది. అంటే ఈ డైనమో అదే. మల్లేశ్వర్ దేన్నీ మార్చలేదు. పెళ్ళికి పోయిన స్నేహితుడు తిరిగొచ్చేసరికి బండి కూడా పెళ్ళికి పోయినట్టు ఉండాలని, పనిగట్టుకుని రంగును కూడా కరిగించే థిన్నరు పోసి ఇంజనంతా కడిగాడు. జిడ్డుతోపాటు పై గీత పోయింది. థిన్నరు చేరని చోట చుక్క మిగిలింది. కడిగి ఇచ్చినందుకు దొంగ అయ్యాడు.

ఎవరైనా తరువాత తెచ్చి పూశారేమోనని ఒక్క క్షణం అనుమానించబోయాడు. సరిత ముఖం చూసి మానుకున్నాడు.

“లే. ఆటో మాట్లాడుత,” అంది సరిత.

“బండిల్నే పోదాం.”

“ముక్కలు ముక్కలు జేసి రోడ్డు మీద పరిచినవు. ఏ బండిల పోదామంటవు?”

“జల్దీ ఎక్కిస్త.”

విప్పిన బండిని వీధిలో వదలలేక అంటున్నాడనుకుంది ఆమె. అది కాదు. ఈ బండిలోనే పోవాలి. షెడ్డు ముందు ఆపి, ఇంజన్ మాత్రం ఆపకుండా వదలాలి. మంచం మీంచి మల్లేశ్వర్ ఆ చప్పుడు వినాలి. నిన్ను తప్పుగ అనుకున్న అని నోటితో చెప్పడం తన వల్ల కాదు. నువ్వు కడిగి పెట్టిన డైనమోయే ఇంకా తిరుగుతోందని బండి చెబుతుంది. మల్లేశ్వర్‌కు బండి మాట అర్థమవుతుంది. దాన్ని తనకు నేర్పింది మల్లేశ్వరే.

పాత బేరింగు మొండికేసింది. గొట్టం ముక్క పెట్టి కొట్టి ఊడగొట్టాడు. కొత్తది వేసి, మళ్ళీ సంచి మీదికి దూరి, ఎత్తి బిగించాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. బెల్టు ఎక్కించాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి బోల్టుల మీద గీతలు పెట్టలేదు.

బయటికొచ్చేసరికి సరిత గడప దగ్గర ఫోను పట్టుకుని నిలబడి ఉంది. ఏదో చెప్పబోయి ఆగింది. విమానం దిగుతోంది. ఆ వీధిలో విమానం ఇళ్ళ మీంచి పోయేటప్పుడు మాట ఆపి, అది పోయాక అందుకోవడం అందరికీ అలవాటు. ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ నిలబడ్డారు. చప్పుడు పెరిగింది, తగ్గింది, పోయింది. సరిత మాట అందుకోలేదు.

“ఎప్పుడు?” అన్నాడు గోవర్ధన్.

“ఇప్పుడే. నీళ్ళు తాగి, అటు తిరిగి పండుకున్నడంట. నిద్రవోయిండనుకున్నరంట.”

అతను పానాలు ఒక్కొక్కటే తుడిచి సంచిలో పెట్టాడు. జాకీ దించాడు. తాళం తిప్పగానే బండి స్టార్టయింది. గరగర లేదు. పక్కన కూర్చున్న సరిత ముక్కు ఎగపీల్చడం కూడా వినిపించేంత నిశ్శబ్దంగా నడిచింది.

షెడ్డు వెనకే మల్లేశ్వర్ ఇల్లు. వాకిట్లో అప్పటికే కుర్చీలు వేశారు. నిర్మల గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. గోవర్ధన్‌ను చూసి లేవలేదు, ఏడవలేదు.

“ఇప్పుడొచ్చినవా అన్నా,” అంది. “పొద్దుగాల్నుంచి రోడ్డు మీద బండి పోయినప్పుడల్లా చెవి పెట్టిండు. గోవర్ధన్ బండి నాకు తెలుసు, చప్పుడొస్తే జెప్త అన్నడు.”

“ఇప్పుడు చప్పుడు లేదమ్మా,” అన్నాడు గోవర్ధన్. “బాగయింది.”

లోపలికి పోయి మల్లేశ్వర్‌ను చూశాడు. జబ్బు మనిషిని సగం చేసింది, చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. పక్కన ఎక్కువసేపు నిలబడలేక ముందుకు, షెడ్డులోకి వచ్చాడు. షట్టరు పూర్తిగా తెరిచి ఉంది. గోడకు పానాలు చిన్నదాని పక్కన పెద్దదిగా వేలాడుతున్నాయి. మనుషులు వస్తున్నారు, పోతున్నారు. ఈ సందడిలో ఎవరైనా ఏదైనా ఎత్తుకుపోతారని అతనికి అనుమానం వచ్చింది. ఏ మొహం చూసినా ఎత్తుకుపోయేలాగే ఉంది. వాకిట్లోంచి ఒక కుర్చీ తెచ్చుకుని షట్టరుకు అడ్డంగా వేసి కాపలా కూర్చున్నాడు. సరిత వచ్చి పిలిచినా లేవలేదు. చీకటిపడే ముందు వెలుగు ఏటవాలుగా లోపలికి వచ్చింది.

ఆ వెలుగులో, మల్లేశ్వర్ వెల్లకిలా పడుకుని బండ్ల కిందికి జరిగే చక్రాల చెక్క నేల మీద ఉంది. ఏళ్ళ నూనె, ఏళ్ళ చెమట ఇంకి, దాని మీద తల ఆనిన చోట ఒక నల్లటి గుండ్రం, దాని కింద రెండు భుజాలు, పొడుగ్గా వెన్ను అచ్చు పడి ఉన్నాయి.