రెండున్నర అంగుళాలు

బట్టల నుంచి బకెట్ల దాకా అన్నీ అమ్మిన ఆ పెద్ద దుకాణం మూతపడి ఆరేళ్లయింది. ఇప్పుడు దాన్ని నేలమట్టం చేసి, నగరం నడిబొడ్డున యాభై అంతస్తుల భవనం లేపుతారట. దుకాణం వెనక గదిలో టైలర్ మాస్టారు మాత్రం ఇంకా మిషను తొక్కుతూనే ఉన్నాడు. అద్దె హక్కు ఉంది కనుక కొత్త భవనంలోనూ సరిగ్గా ఇంతే గది ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఆయన కోరిందీ అదే. పని నేర్పిన గురువు ఒకే టేకు చెక్కతో చేయించిన కత్తిరింపు బల్ల ఈ గోడ నుంచి ఆ గోడకు అతికినట్టు పడుతుంది. అది ముక్క కాకుండా కొత్త గదిలోకి రావాలి.

కానీ మాస్టారు ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే జేబు తడుముకునే రకం. కంపెనీ ఇంజనీరమ్మాయి అరచేతిలో పట్టే యంత్రాన్ని గోడకు ఆనించి, ఎదుటి గోడ మీద ఎర్ర చుక్క వేసి, "వెడల్పు పన్నెండు అడుగులు" అని రాసుకుంది.

"గోడని ముట్టుకోకుండా కొలతేంటమ్మా?" అంటూ మాస్టారు మెడలోని గుడ్డ టేపు తీశాడు. ముప్ఫై ఏళ్ల టేపు. అంకెలు సగం చెరిగిపోయినా ఆయనకు కంఠతా వచ్చు. మూడుసార్లు కొలిచాడు. పదకొండు అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు.

రెండున్నర అంగుళాలు ఎవరు ఊరికే ఇస్తారు? రేపు "ఉన్నదానికంటే పెద్ద గది రాయించుకున్నావు, ఒప్పందం చెల్లదు" అని బయటికి గెంటడానికే ఈ ఎత్తు.

"నా కొలతే రాయండి."

"మీకే నష్టం మాస్టారూ."

"నష్టం నాదైతే బాధ మీకెందుకమ్మా?"

ఆ అమ్మాయి నిట్టూర్చింది. "సరే, మీ ఇష్టం. సంతకం అయ్యాక ప్లాను మారదు మరి."

ఆ మాటా ఆయనకు అనుమానంగానే తోచింది. పన్నెండు కొట్టేయించి, తన అంకె వేయించి, సంతకం చేశాడు. ఆ సాయంత్రం మీసం దువ్వుకుంటూ ఇంటికెళ్లాడు.

నెల తర్వాత గది ఖాళీ చేసే రోజున భార్య కొత్త టేపు తెచ్చింది. పాతదాని పక్కన పరిచి చూస్తే పాతది అంగుళం పొడుగు.

"చూశావా, టేపుల్లో కూడా కోతే!" అన్నాడు మాస్టారు.

ఆవిడ అడుగు పొడవు ఇనుప స్కేలు తెచ్చి ఐదుసార్లు వేసింది. కొత్త టేపే సరైనది. పాతది సాగిపోయింది.

"ఇన్నేళ్లూ ఒక్క చొక్కా కూడా తప్పలేదే!"

"మనిషినీ గుడ్డనీ ఆ టేపుతోనే కొలిస్తే ఎలా తప్పుతుందండీ?"

అయితే గది నిజంగానే పన్నెండు అడుగులని మాస్టారికి అప్పుడు తట్టింది. పరుగున కంపెనీకి వెళ్లాడు. ఇంజనీరమ్మాయి ఆయన సంతకం చూపించింది. అప్పటికే ఆ కొలతతో ప్లానుకు అనుమతి కూడా వచ్చేసింది.

తిరిగొచ్చేసరికి భార్య పిలిపించిన వడ్రంగి బల్ల కోయడానికి రంపంతో సిద్ధంగా ఉన్నాడు. మాస్టారు పాత టేపు తీసి, బల్ల ఈ చివర నుంచి పదకొండు అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు కొలుచుకుంటూ వెళ్లాడు. సరిగ్గా ఆ చివరికి వచ్చింది.

"చూడు, కొయ్యక్కర్లేదు. సరిపోయింది," అన్నాడు.

భార్య పాత టేపును మెల్లగా ఆయన చేతిలోంచి తీసుకుని, కొత్తదీ సుద్దముక్కా పెట్టింది.