రొయ్య పెంకుల పొడి

భయమంటే ఏంటో ఎరగని మనిషిని నేను.

మా అన్న కొడుకు శశిధర్ బాపట్లలో కెమిస్ట్రీ పరిశోధకుడు. రొయ్య పెంకుల పొడి అద్దకం రంగునీళ్లను తేటపరుస్తుందని అతను రాసిన వ్యాసాన్ని రెండు వందలమంది శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు తమ వ్యాసాల్లో ఆధారంగా చూపారు. రెండువేల ఆరులో ఒకాయన తనకు నీళ్లు తేటపడలేదని రాశాడు. మళ్లీ చేసి చూద్దామని శశిధర్ నాచేత రేపల్లె నుంచి పెంకులు తెప్పించాడు.

"ఇప్పుడూ తేటపడకపోతే, బాబాయ్, నన్ను నమ్మినవాళ్ల రాతలన్నీ తప్పే."

"అంతమందిని ఒక్కడివే ముంచావంటే గొప్పే కదరా," అన్నాను. అతను పెంకులు నూరడం మొదలుపెట్టాడు.

గ్లాసులో నీలం రంగు అద్దకం నీళ్లు పోసి పొడి వేశాడు. నీళ్లు నీలంగానే ఉన్నాయి. నేను బల్ల గట్టిగా పట్టుకున్నాను. చాలాసేపటికి రంగు పలచబడి, గ్లాసు వెనక అతని వేళ్లు కనిపించాయి.

ఆ నీళ్లు గటగటా తాగి తెనాలి బస్సెక్కాను. తాగడం మాత్రం నేను కల్పించిందేనండి. అంత ధైర్యం నాకెక్కడిది?